నూకుడు బండి

బ్యాటరీని రెండు చేతులతో ఎత్తి బానెట్ కింద దాని గూట్లో దింపాక డ్రైవరు ఆర్థర్ కాసేపు ఊరికే నిలబడ్డాడు. బండి ఒంటికి తగిలించే మందపాటి వైరు అతని కుడిచేతిలో ఉంది. ఆ చెయ్యి తనంతట తనే ప్లస్ గుబ్బ వైపు పోతోంది. ఎడమచేత్తో మణికట్టును గట్టిగా పట్టుకుని ఆపాడు. "అటు గాదు," అని చేతికే చెప్పి, వైరును మైనస్ గుబ్బకు బిగించాడు. పొగ రాలేదు, కమురు కంపు లేదు. షెడ్డు రేకుల మీద పావురాలు ఎప్పటిలాగే గోల చేస్తున్నాయి.

ఆ చెయ్యి అంతకుముందు ఒకసారి కొంప ముంచింది. పాతకాలపు ఇంగ్లీషు బండ్లలో బ్యాటరీ ప్లస్సునే బండి ఒంటికి కలిపేవాళ్ళు. ఈ ఆస్టిన్ వ్యానుకూ పుట్టుకతో అదే పద్ధతి. ఆర్థర్ మీసం మొలిచిన నాటి నుంచి అది నెరిసిన దాకా అట్లాగే కలుపుతూ వచ్చాడు. కొత్తగా తెచ్చిన ఆల్టర్నేటర్ అనే కరెంటు యంత్రానికి ఆ పద్ధతి పనికిరాదు. రాణిగంజ్‌లో కార్ల కరెంటు పని చేసే పర్వతాలు మొదటిసారి ఆల్టర్నేటర్ బిగించి, వైర్లన్నీ తిరగేసి, ఇకమీదట మైనస్సే ఒంటికి, గుర్తు పెట్టుకో అని చెప్పి చెప్పి పోయాడు. మర్నాడే ఆర్థర్ ఛార్జింగు నుంచి తెచ్చిన బ్యాటరీని, ప్రభువును తలుచుకుంటూ, కళ్ళు మూసుకుని చెయ్యగలిగే అలవాటుతో, ప్లస్సునే ఒంటికి బిగించాడు. చిటుక్కుమంది. అంతే, ఊరంతా వెతికి తెచ్చిన వస్తువు మాడి మసైపోయింది. పర్వతాలు వచ్చి చూసి తిట్టినా బాగుండేది. గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాడు.

"బండి ముసల్ది కాలేదన్నా. నీ చెయ్యి ముసల్దయింది," అన్నాడు.

ఇప్పుడున్నది రెండోది. మూడోది అడగడానికి ఆర్థర్‌కు మొహం లేదు.

ఆ ఆస్టిన్ వ్యాను శవాల బండి. వెనకటికి దవాఖానాలో పనిచేసిన దొరసాని డాక్టరమ్మ తన దేశం పోతూ పోతూ చర్చి సంఘానికి ఇచ్చి వెళ్ళింది. బండితో పాటు రెండు పద్ధతులు కూడా ఇచ్చింది. పేద అయినా, గొప్ప అయినా పెట్టెకు రెండు పక్కలా దీపాలు వెలగాలి, పగలైనా సరే ముందు లైట్లు వేసి ఉండాలి. రెండోది, బండి జనాన్ని దాటి పోకూడదు. పాట పాడుతూ నడిచే వాళ్ళ వెనకే, వాళ్ళ నడకతోనే పోవాలి. ఇవాళ ఆమె పేరు సరిగా పలకగలిగే వాళ్ళు కూడా లేరు గానీ పద్ధతులు మాత్రం ఎవరూ వదల్లేదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. బండితో వచ్చిన డైనమో అనే యంత్రం బండి పరుగెడితేనే కరెంటు పుట్టిస్తుంది. నడకలో పోయే బండికి అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. దీపాలన్నీ బ్యాటరీని పీల్చుకుంటూ పోతాయి. సగం దారిలో ఇంజను నాలుగుసార్లు దగ్గి ఆగిపోతుంది. హ్యాండిల్ పెట్టి తిప్పినా నిప్పురవ్వ పుట్టదు. ఇక అక్కడి నుంచి భోయిగూడ సమాధుల తోట దాకా తోపుడే.

ఎన్ని ఏళ్ళు అట్లా జరిగిందో, తోపుడు కూడా సంఘంలో ఒక ఆచారమైపోయింది. ఆదివారం పాటలకు రాని కుర్రాళ్ళు కూడా భూస్థాపనకు మాత్రం చొక్కా చేతులు మడుచుకుని తయారుగా వచ్చేవాళ్ళు. పలుకుబడి ఉన్నవాడు పోతే తోసేవాళ్ళు ఎక్కువై ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకునేవాళ్ళు. లేనివాళ్ళు పోతే బండి ఎక్కడాగిందో అక్కడే నిలబడి, దారిన పోయే రిక్షావాళ్ళను బతిమాలుకోవలసి వచ్చేది. సీతాఫల్‌మండి బజారులో దానికి నూకుడు బండి అని పేరు. దాన్ని చూడగానే పిల్లలు అదే పేరు పెట్టి అరిచేవాళ్ళు. పెద్దవాళ్ళు పిల్లల్ని గదమాయించి, తాము మీసాల చాటున నవ్వుకునేవాళ్ళు.

ఆర్థర్ ఆ నవ్వులన్నీ మింగాడు, ఒక్కటి తప్ప. అతని తల్లి పోయిన రోజు చిలకలగూడ చౌరస్తాలో బండి ఆగింది. వానాకాలం, పనిదినం, వచ్చిన మగవాళ్ళు తక్కువ. డ్రైవరు సీటులోంచి దిగి, తెల్లచొక్కా చేతులు మడిచి, కన్నతల్లిని వెనక నుంచి నెట్టాడు. సిటీ బస్సు ఒకటి వెనకే హారను కొడుతూ వచ్చింది. కిటికీలోంచి ఎవరో నవ్వారు. ఎవరో చూడలేదు, చూసి ఉంటే ఏం చేసేవాడో ఆర్థర్‌కే తెలియదు. ఆ రాత్రి నుంచి అతనికి ఆ బండి మీద కోపం లేదు. డైనమో మీద పగ పట్టాడు.

రెండుసార్లు దాని తీగ తిరిగి చుట్టించాడు. కొత్తదానిలా మెరిసింది, పాతదానిలాగే ఆగింది. చివరికి పర్వతాలు, దీనికి మందు ఆల్టర్నేటర్ ఒక్కటే, అది నడకలో కూడా కరెంటు ఇస్తుంది అన్నాడు. ఇద్దరూ కలిసి రాణిగంజ్ సందులన్నీ తిరిగారు. లారీది చూస్తే బండి ముక్కులో పట్టనంత పెద్దది. మారుతీది ముద్దుగా ఉంది గానీ ఈ ఇంజను పక్కన కూర్చోవడానికి దానికి కాళ్ళు చాలవు. పాడైన అంబాసిడర్ నుంచి తీసినది ఒకటి కుదిరింది. బెల్టు వరస సరిపోయింది. పర్వతాలు దానికున్న చక్రం తీసేసి చిన్న చక్రం వేశాడు. చక్రం చిన్నదైతే ఇంజను నెమ్మదిగా తిరిగినా అది గబగబా తిరుగుతుందట. ఆ పని చేస్తూనే, ఇంత పరేషాన్ ఎందుకు, ఆ దీపాలేవో ఆర్పేస్తే సరిపోదా, పగటిపూట ఎవరు చూడొచ్చారు అని అడిగాడు.

ఆర్థర్ చేతిలోని పానా కింద పెట్టాడు. తరవాత, "చీకట్ల కూసోబెట్టి తీస్కపోను పర్వతాలూ," అన్నాడు. పర్వతాలు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇదంతా కమిటీకి తెలియకుండా జరిగింది. తెలిస్తే జరగనిచ్చేవాళ్ళు కాదు. బంజారాహిల్స్‌లో పాత కార్లు పోగుచేసే ఒక పెద్దమనిషి ఈ బండి మీద మోజు పడ్డాడు. ఒక్క మర కూడా మార్చకుండా, పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే కావాలట. చలువరాళ్ళ గదిలో తాడు కట్టి నిలబెడతాడట. కమిటీ సరేనంది. దాని బదులు చిన్న మారుతీ వ్యాను వస్తుంది, జనం బస్సుల్లో పోతారు, అరగంటలో అంతా అయిపోతుంది. బండిని ముట్టుకోవద్దని ఆర్థర్‌కు గట్టిగా చెప్పారు. ఆర్థర్ తల ఊపాడు. అతను తల ఊపితే ఒప్పుకున్నాడని అనుకోవడం కమిటీ తప్పు.

ఇంటి నుంచి డోరా టీ తెచ్చింది. ఆర్థర్ భార్య ఆమె. ఇల్లంటే షెడ్డు వెనక ఉన్న గదే. టీ అతనికి ఇచ్చి, బానెట్‌లోకి తొంగి చూసి, ఆ నల్లటి ఆల్టర్నేటర్ ముద్దను కాసేపు పరీక్షించింది. ఇది ఆగితే ఉద్యోగం, గది రెండూ పోతాయి కదా అని అడిగింది. పోతాయన్నాడు. మా అక్క అల్వాల్‌లో ఉంది, అక్కడ పడుకోవచ్చులే అని గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. అంతకు మించి ధైర్యం చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు.

సంఘం సెక్రటరీ యేసురాజు వచ్చేసరికి ఆర్థర్ బండి తుడుస్తున్నాడు. యేసురాజు చెడ్డవాడేం కాదు. తెనాలి వైపు నుంచి వచ్చి తాలూకాఫీసులో స్థిరపడ్డ మనిషి. ఇస్త్రీ చొక్కాతో వచ్చి, అదే చొక్కాతో ఎన్నోసార్లు ఈ బండిని తోసినవాడు. విసిగిపోయాడు, అంతే. తెరిచి ఉన్న బానెట్ దగ్గర ఆగి లోపలికి చూశాడు. యంత్రాల సంగతి అతనికి తెలియదు గానీ, పాత డైనమో మీద మెరిసే ఇత్తడి బిళ్ళ ఉండాల్సిన చోట బిళ్ళ లేదని తెలిసింది.

ఏమిటిది అన్నాడు. ఆర్థర్ చెప్పాడు, దాచకుండా. యేసురాజు మొహం ఎర్రబడింది. పై వారం ఆ పెద్దమనిషి బండిని చూడటానికి వస్తాడని, తక్షణం పాతది పెట్టమని, ఈ పూటకు దవాఖానా వ్యాను అడుగుదామని అన్నాడు.

ఆ పూట భూస్థాపన దేవకృపది. ఆడవాళ్ళ వార్డులో ఆయాగా పనిచేసి, పెళ్ళీ పిల్లలూ లేకుండా, సీతాఫల్‌మండిలో ఒక్క గదిలో బతికిన మనిషి. ఆమె వెనక వచ్చేది ఆమెతో పనిచేసిన ఆయాలు, ముసలి పాస్టరు జకర్యా అయ్యగారు, ఈ సెక్రటరీ. పనిదినం కాబట్టి కుర్రాళ్ళెవరూ లేరు. పెట్టె ఎత్తడానికి దవాఖానా కావలివాళ్ళు ఒప్పుకున్నారు, ఎత్తి మళ్ళీ డ్యూటీకి పోతారు.

"వ్యాను వద్దు సార్," అన్నాడు ఆర్థర్. "అది ఉరుకుతది. వీళ్ళంత ఎట్ల నడుస్తరు దాని ఎంట?"

"ఇది ఆగితే ఎవరు తోస్తారయ్యా? ఆ ఆడవాళ్ళా?"

"ఆగదు."

యేసురాజు బండి తాళాల వైపు వేలు చూపించాడు. "దారిలో ఆగిందంటే తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోవాలి, ఆర్థర్. నేను ఊరికే అనడం లేదు."

"ఆగితే ఇస్త సార్. ఆగకపోతే మల్ల డైనమో పెట్టుమని నన్ను అడగొద్దు."

సెక్రటరీతో అతను అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. మాట బయటికి వచ్చాక అతనికే వింతగా అనిపించింది, కానీ వెనక్కి తీసుకోలేదు.

ఎండ అప్పుడే మాడ్చేస్తోంది. సీతాఫల్‌మండి సందులోంచి పెట్టె వచ్చింది. ఆర్థర్ దాన్ని లోపల సర్ది, రెండు పక్కలా దీపాలు వేశాడు, ముందు లైట్లు వేశాడు. ఆయాలు తెల్లచీరల మీద కొంగులు తలకు కప్పుకుని ముందు నిలబడ్డారు. జకర్యా అయ్యగారు పాట ఎత్తాడు. ఆయన గొంతు సగంలోనే జీరబోతే ఆడవాళ్ళు అందుకున్నారు. బండి వాళ్ళ వెనకే కదిలింది. బజారులో ఒక పిల్లవాడు పాత పేరు పెట్టి అరిచాడు. ఆర్థర్ వాడి వైపు చూడలేదు. అతని చూపు ముందు జనం మడమల మీద, చెవి ఇంజను మీద ఉన్నాయి. గేరు మొదటిదే, కాలు క్లచ్చి మీద సగం నొక్కి ఉంది. అట్లా గంటలు నడపడం వల్ల అతని ఎడమ మోకాలు ఎప్పుడో పాడైంది. రాత్రుళ్ళు డోరా దానికి వేడినీళ్ళ కాపడం పెట్టేది. ఆ నొప్పి ఇవాళ గుర్తుకు రాలేదు.

చిలకలగూడ చౌరస్తా దగ్గర అంతా ఆగిపోయింది. ఏదో పార్టీ ఊరేగింపు అడ్డం వచ్చింది. జెండాల లారీలు ఒకదాని వెనక ఒకటి వరస కట్టాయి. పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయాలు రోడ్డు పక్క మూసి ఉన్న దుకాణం నీడకు జరిగారు. పాట ఆగిపోయింది. బండి మాత్రం ఎండలో నిలబడి, దీపాలన్నీ వెలిగించుకుని, చిన్నగా ఊగుతూ ఉంది.

ఇదే చోటు. ఎప్పుడూ ఇక్కడే ఇంజను దగ్గడం మొదలుపెట్టేది. ముందు నిలబడ్డ లారీ వెనక, నీడలో ఉన్న చెక్క మీద తన లైట్లు రెండు పసుపు మచ్చలుగా పడుతున్నాయి. ఆర్థర్ వాటినే చూస్తున్నాడు. పాత రోజుల్లో అయితే ఆ మచ్చలు ఎర్రబారి, కుంచించుకుపోయి, మాయమయ్యేవి. అతనికి భయం వేసింది. ఉద్యోగం పోతుందని కాదు. పెట్టెలో ఉన్నామె ఏ ఒక్కరి చేతా ఎన్నడూ ఒక్క పని చేయించుకోలేదని వార్డు మొత్తం చెబుతుంది. ఆమెను రోడ్డు మీద వదిలి తను రిక్షావాళ్ళ కోసం పరుగెత్తవలసి వస్తుందేమోనని.

యేసురాజు చెమట తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు. చాలాసేపయ్యేలా ఉంది, ఆ దీపాలైనా ఆర్పు, ఎవరూ తప్పు పట్టరు అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. నిజానికి అతనికీ బండి ఆగకూడదనే ఉంది.

"ఆర్పను సార్," అన్నాడు ఆర్థర్.

లారీల వరస కదిలి కదిలి ఆగింది. నినాదాలు దగ్గరికి వచ్చి దూరం పోయాయి. లారీ చెక్క మీద మచ్చలు రెండూ అట్లాగే ఉన్నాయి. ఇంజను దగ్గలేదు. ఆర్థర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి చూశాడు, తీసినా దగ్గలేదు. అప్పుడు అతని ఒళ్ళంతా సంతోషం పాకింది. శవాన్ని పెట్టుకుని సంతోషపడటం తప్పేమోనని ఒక్క క్షణం అనిపించింది. కాదులే, దేవకృపమ్మ ఏమీ అనుకోదు అని సర్దిచెప్పుకున్నాడు.

దారి తెరుచుకుంది. యేసురాజు మళ్ళీ వచ్చి, బండి బాగానే ఉంది కదా, ఆడవాళ్ళు ఎండకు వాడిపోతున్నారు, కాస్త ముందుకు పోనిచ్చి తోట దగ్గర ఆగు, మేం మెల్లగా వస్తాం అన్నాడు. ఆర్థర్ జవాబు చెప్పేలోపే ఆయాల్లో పెద్దది, శ్యామలమ్మ, బండి తలుపు మీద చెయ్యి వేసింది. దేవకృపతో ఒకే వార్డులో నౌకరీ చేసి ఒకే టిఫిను పంచుకున్న మనిషి ఆమె.

"ఉరికియ్యకు బిడ్డా. ఆమె పుట్టి బుద్దెరిగినంక కారెక్కలే. జెర సేపు కూసోనియ్యి," అంది.

యేసురాజు కిటికీ వదిలాడు. వెళ్ళి అయ్యగారి పక్కన నడవసాగాడు. పాట మళ్ళీ మొదలైంది. బండి నడిచింది, మనిషి నడకతో, దీపాలతో, ఎవరి చెయ్యీ తగలకుండా, భోయిగూడ తోట గేటు దాకా.

మట్టి వేసి, ప్రార్థన అయ్యాక, అందరూ చూస్తుండగా ఆర్థర్ బండి ఎక్కి స్టార్టరు బటను నొక్కాడు. ఒక్క నొక్కుకే లేచింది. ఆయాలను ఎక్కమన్నాడు. శవాల బండిలో కూర్చుంటే అరిష్టమని ఎవరూ అనలేదు, కాళ్ళు అంత నొప్పులు మరి. తిరుగుదారిలో చిలకలగూడ చౌరస్తాలో ఏ అడ్డమూ లేకపోయినా ఆర్థర్ గట్టిగా హారను కొట్టాడు. ఎందుకు కొట్టావని శ్యామలమ్మ అడిగితే, ఊరికే అన్నాడు.

పై వారం పెద్దమనిషి వచ్చాడు. బానెట్ ఎత్తి చూసి, పెళ్ళికూతురికి కన్ను లేదని తెలిసిన వాడిలా మొహం పెట్టి, బండి పాడుచేశారన్నాడు. పాత డైనమో పెట్టించి కబురు చేస్తామని కమిటీ అంది. ఆర్థర్‌ను పిలిచి చెప్పారు. ఈసారి ఆర్థర్ తల ఊపలేదు. అడ్డంగా తిప్పాడు. ఉద్యోగంలోంచి తీసేస్తామన్నారు, తీసెయ్యండి అన్నాడు. తీరా చూస్తే ఆ గేర్లు వెయ్యడం వచ్చినవాడు, అంత నెమ్మదిగా నడిపే ఓపిక ఉన్నవాడు సంఘంలో ఇంకొకడు లేడు. కబురు అందని పెద్దమనిషి వేరే బండి చూసుకున్నాడు. ఈ బండి ఉండిపోయింది, ఆర్థరూ ఉండిపోయాడు. అభినందన తీర్మానం వంటిదేమీ చెయ్యలేదు, అతను ఆశించనూ లేదు. ఆ మీదట ఏ భూస్థాపనకూ బండి ఆగలేదు. తోయడానికి వచ్చే కుర్రాళ్ళు పని లేక పాటలు నేర్చుకున్నారు.

వానలు వెనకపట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆర్థర్ అన్నం తిని చాప మీద పడుకుని మళ్ళీ లేవలేదు. డోరా టీ పెట్టి లేపబోయేసరికి ఒళ్ళు చల్లబడి ఉంది.

అతన్ని ఎవరు తీసుకుపోతారన్నది పెద్ద ప్రశ్న అయింది. యేసురాజే బస్సెక్కి రాణిగంజ్ పోయి పర్వతాలు చేతిలో తాళం పెట్టాడు. నేను మీ మతం వాడిని కాను, మీ పద్ధతులు తెలియవు అన్నాడు పర్వతాలు. దీపాలు వెయ్యాలి, జనాన్ని దాటకూడదు, అంతే పద్ధతి అన్నాడు యేసురాజు.

ఆదివారం కావడంతో జనం బాగా వచ్చారు. పర్వతాలు తలకు రుమాలు కట్టుకుని, కాలు క్లచ్చి మీద సగం నొక్కి, ముందు నడిచేవాళ్ళ మడమలు చూస్తూ నడిపాడు. చిలకలగూడ చౌరస్తాకు వచ్చేసరికి ఎందుకో వెనక్కి చూడాలనిపించింది. అద్దంలో చూస్తే కుర్రాళ్ళందరూ బండి వెనక చేరి ఉన్నారు. ఎవరు ముందు వేశారో గానీ అందరి చేతులూ వెనక తలుపు మీద ఉన్నాయి. ఎవరూ తోయడం లేదు. ఊరికే చేతులు ఆనించి నడుస్తున్నారు. వాళ్ళలో డోరా కూడా ఉంది.

పర్వతాలు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"చేతులు తీయుండ్రి. ఇది నూకుడు బండి గాదు."

కుర్రాళ్ళు చేతులు తీసేశారు. డోరా తియ్యలేదు. తోట దాకా బండి అట్లాగే నడిచింది, ఆగకుండా, దీపాలన్నీ వెలుగుతూ.

మట్టి వేసి అందరూ వెళ్ళిపోయాక పర్వతాలు బండిని షెడ్డులో పెట్టి తాళం గోడ మేకుకు తగిలించాడు. ప్రతిసారీ తిరిగి రాగానే బండిని తుడవడం ఆర్థర్ పని. ఇవాళ తుడిచేవాళ్ళు లేరు. వెనక తలుపు నల్లరంగు మీద, దారి దుమ్ములో, పెద్దవీ చిన్నవీ అరచేతుల ముద్రలు అట్లాగే ఉన్నాయి.